నిలిచిపోయిన పాలు మళ్ళీ వచ్చిన సంగతి

మా సంఘపు అడ్వాన్సు పుస్తకములో సాధారణముగా కనుపించు పద్దులు నాలుగే: పెండ్లి, వైద్యము, ఇంటి రిపేరి, మగ్గపు సామాను. కొంతకాలము క్రిందట ఒక సభ్యుని పేరిట ఒకే నెలలో మూడు మార్లు “పాలపొడి” అని వ్రాయవలసి వచ్చినది. మూడవ మారు వ్రాయబోవునప్పుడు కలము ఆగినది. ఆ ఇంట రెండు నెలల పసిబిడ్డ ఉన్నదనీ, తల్లికి పాలు నిలిచిపోయినవనీ మాకు అప్పుడు తెలిసినది.

నూలు ధరలు, రంగుల నాణ్యము, రావలసిన రిబేటు బాకీలు వ్రాయవలసిన పత్రికలో బాలింతల సంగతి కార్యదర్శికెందుకని పాఠకులలో కొందరైనా అనుకొందురు. మేమును మొదట అట్లే సంకోచించినాము. కాని మనది ఇంటిల్లిపాది చేయు వృత్తి. మగ్గపు గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు ఒక్కడే అయినను, కండెలు చుట్టునది భార్య, ఆసు పోయునది తల్లి, తెగిన పోగు అతుకునది ఎవరు దగ్గర ఉంటే వారు. ఆ చేతులలో ఒక జత బిడ్డకు అంకితమైతే మగ్గము వెనుకబడును. మగ్గము వెనుకబడరాదని బిడ్డ నోట సీసా పెట్టిన ఇండ్లు మనలో లేవని ఎవరనగలరు? 2015 నుండి ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినోత్సవముగా జరుపుకొంటున్నాము. 1992 నుండి ఆగస్టు 1 మొదలు 7 వరకు ప్రపంచమంతటా తల్లిపాల వారోత్సవము జరుగుచున్నది. రెండును ఒకే దినమున కలియుట యాదృచ్ఛికమే గాని, ఈ వ్యాసము వ్రాయుటకు మాకు మంచి సాకు దొరికినది.

ఆ ఇల్లు చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి చుట్టుపట్లదే. పేరు వ్రాయము, వారు ఒప్పుకొన్నను వ్రాయము. కాన్పు సుఖముగా జరిగినది. అయిదవ వారములో తల్లికి తీవ్రమైన జ్వరము వచ్చి ఆసుపత్రిలో చేరినది. మందు పాలలో దిగునని పక్క మంచమువారు చెప్పగా ఆమె భయపడి బిడ్డకు పాలిచ్చుట మానినది. డాక్టరును అడుగవలెనని ఎవరికీ తోచలేదు. నిజమునకు బాలింతలకు సాధారణముగా ఇచ్చు మందులలో చాలవాటికి పాలు మాన్పనక్కరలేదు. మానవలసిన మందులు కొన్ని ఉన్నవి, అవి ఏవో చెప్పవలసినది డాక్టరే. ఇంటికి వచ్చునప్పటికి రొమ్ములు మెత్తబడిపోయినవి. బిడ్డ సీసాకు అలవాటుపడి రొమ్ము చూపితే ఏడ్చి మొగము తిప్పుకొనెడిది. అట్లు మూడు వారములు గడిచినవి.

ఇక పాలపొడి లెక్క చూడుడు. ఆరు నెలల లోపు బిడ్డకు, పూర్తిగా పోతపాలపైననే ఉంటే, కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు కావలెను. ఆ బిడ్డ బరువు 3 కిలోల 800 గ్రాములు. రోజుకు 570 మిల్లీలీటర్లు. డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారము కలిపితే 400 గ్రాముల డబ్బా అయిదు రోజులకన్న రాదు. అట్టి డబ్బా వెల నాలుగు వందల రూపాయలకు పైమాటే. నెలకు ఆరు డబ్బాలు. మా పుస్తకములో ఉన్నవి మూడే పద్దులు, మూడు డబ్బాలు. మిగిలిన మూడు డబ్బాల పాలు ఎక్కడినుండి వచ్చినవి? నీళ్లనుండి. అత్తగారు డబ్బాను పది రోజులు లాగుటకై గరిటె తగ్గించి నీళ్లు పెంచినది. ఆమెది పిసినారితనము కాదు, ఆమెకు లెక్క తెలియదు. బిడ్డకు మూడు వారములలో వచ్చిన బరువు వంద గ్రాములు కూడ లేదు, దానికి తోడు విరేచనములు.

మేము ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు ఆ పెద్దమ్మ మాతో అన్న మాట ఇది: “పాలు ఇంకిపోయినాయి సామీ. ఇంకిన బాయిలో మల్లా ఊట యాడొస్తుంది?”

మాకును జవాబు తెలియదు. జవాబు చెప్పినది ఆశా కార్యకర్త. “బాయి కాదు పెద్దమ్మా ఇది. బిడ్డ చీకేకొద్దీ పాలు పుడతాయి. చీకకుంటే నిల్చిపోతాయి. మల్లా చీకిస్తే మల్లా వస్తాయి,” అన్నది. అప్పటికి మేము నమ్మలేదు. తరువాత చదివి, డాక్టరును అడిగి తెలిసికొన్నాము. చనుమొనను బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడు క్రిందనున్న ఒక చిన్న గ్రంథినుండి ప్రోలాక్టిన్ అను రసము రక్తములోనికి వచ్చును. పాలు తయారు చేయించునది అదే. ఆక్సిటోసిన్ అను మరియొకటి ఆ పాలను వెలికి నెట్టును. రొమ్ములో పాలు మిగిలిపోతే తయారీ తగ్గును, ఖాళీ అయితే పెరుగును. రాత్రివేళ ప్రోలాక్టిన్ అధికముగా ఊరును గనుక రాత్రి పాలిచ్చుట మానరాదు. పాలు నిలిచి ఎన్ని దినములు తక్కువైతే అంత సులభము, బిడ్డ ఎంత చిన్నదైతే అంత సులభము. అయినను నెలలు గడిచిన తరువాత మళ్ళీ పాలిచ్చిన తల్లులున్నారు. బిడ్డను కనకయే దత్తత తీసికొని, రొమ్ము పట్టించి పాలు తెప్పించుకొన్నవారును ఉన్నారు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఒక్క విషయముపైననే ఒక పుస్తకము వెలువరించినది.

ఇంత దూరము పోనక్కరలేదు. మన కర్ణాటకలోనే, ప్రత్తి మిల్లులకు పేరుపొందిన దావణగెరెలో, పిల్లల వైద్యురాలు డాక్టరు నిర్మలా కేసరీగారును, ఆమె సహచరులు బనపుర్మఠ్ దంపతులును ఈ పని చేసి చూపినారు. 2003లో వారు భారతీయ పిల్లల వైద్యుల పత్రికలో వ్రాసినది మంచములలో చేరిన తల్లుల సంగతి కాదు, పొద్దున వచ్చి చూపించుకొని ఇంటికి పోవు తల్లుల సంగతి. మాకు ధైర్యము కలిగించినది ఆ మాటయే. ఆసుపత్రిలో పడుకొనకుండ ఇంటనే జరుగు పని అయితే మగ్గము గల ఇంటిలోనూ జరుగవచ్చును గదా!

ఆ దావణగెరె పద్ధతి చాల సులువైనది. బిడ్డ వట్టి రొమ్మును చీకదు. రెండు మార్లు చీకి ఏమీ రాకపోతే విడిచిపెట్టును. అందువలన బిడ్డ నోరు రొమ్మున ఉండగా, పైనుండి చనుమొన మీదికి పాలు చుక్క చుక్కగా జారవిడువవలెను. చుక్క నాలుకకు తగులగానే బిడ్డ చీకును. అది చీకుట వలన తల్లికి పాలు పుట్టును. చుక్కలు వేయుటకు దూది గాని, చెంచా గాని, మన పెద్దల నాటి ఉగ్గుగిన్నె గాని చాలును. కొన్నిచోట్ల సన్నని గొట్టము ఒక కొన గిన్నెలోను, మరియొక కొన చనుమొన ప్రక్కనను అంటించి అదే పని చేయుదురు. చనుమొన లోపలికి ఉండి బిడ్డ పట్టలేకపోవు తల్లులకు ఇంజెక్షను సిరంజిని కోసి, పిస్టనును తలక్రిందుగా అమర్చి, మొనను వెలికి లాగు ఉపాయమును కూడ ఆ డాక్టర్లే 1993లో ప్రకటించినారు.

ఇక ఆ ఇంట జరిగినది చెప్పుదుము. డాక్టరు తల్లినీ బిడ్డనూ పరీక్షించి సరేనన్న తరువాత మొదలుపెట్టినారు. సీసా తీసివేసినారు. పాలపొడిని తగ్గించలేదు, సరియైన కొలతతో, మరిగించిన నీటితో కలిపి, ఉగ్గుగిన్నెతో పోసినారు. ఇది గట్టిగా చెప్పవలసిన సంగతి: రొమ్ము పాలు రావలెనని బిడ్డను పస్తుపెట్టరాదు. ఆకలిగొని నీరసించిన బిడ్డ చీకదు. రోజుకు ఎనిమిది నుండి పన్నెండు మార్లు, ప్రతి మారు రెండు రొమ్ములు, ఒక్కొక్కటి పది పదిహేను నిమిషములు. తల్లి రవిక విప్పి బిడ్డను ఒంటికి ఆనించుకొని కూర్చుండవలెను.

పాఠకులు ఒక్కసారి కూడిక వేయుడు. పది మార్లు, అరగంట చొప్పున, అయిదు గంటలు. గిన్నె కడుగుట, నీళ్లు మరిగించుట వేరు. ఆ అమ్మాయి అంతకు ముందు రోజుకు ఆరు గంటలు కండెలు చుట్టెడిది. ఆ రెండు పనులు ఒకే దినములో పట్టవు. పాలు మళ్ళీ రాకపోవుటకు ఒంటి దోషము కారణమైన ఇండ్లకంటె, ఈ అయిదు గంటలు దొరకని ఇండ్లే ఎక్కువని మేము తలచుచున్నాము.

నాలుగవ దినమున మేము వెళ్లినప్పుడు ఆమె ఏడ్చుచున్నది. ఒక్క చుక్క లేదు. మగ్గము మీద చీర సగములో ఉన్నది, గడువు దాటుచున్నది. భర్త నోరు తెరువలేదు గాని, నాడె విసురులో కోపము వినబడినది. అత్తగారు మాత్రము, ఊట రాదన్న ఆ పెద్దమ్మయే, గిన్నె పట్టుకొని కూర్చున్నది. “మొదులు పెట్టినాము గదా సామీ, సూస్తాము,” అన్నది.

ఆ సాయంత్రము మేము పాలకవర్గమువారితో మాట్లాడినాము. ఒకరు, “సంఘము నేతకా, పాలివ్వడానికా?” అని నవ్వినారు. ఆయనకు అడ్వాన్సు పుస్తకము చూపినాము. డబ్బాలకు నెలకు రెండువేల అయిదు వందలు పోవుచుండగా ఆ అడ్వాన్సు ఏ మజూరీలోనుండి తిరిగి వచ్చునని అడిగినాము. ఆ చీర గడువు మూడు వారములు పొడిగించినారు. కండెలు ప్రక్క ఇంటివారికి ఇచ్చి, ఆ కూలి తాత్కాలికముగా సంఘమే భరించినది. మొత్తము ఖర్చు రెండు డబ్బాల వెల కన్న తక్కువ.

తొమ్మిదవ దినమున రొమ్ము నొక్కితే పలుచని చుక్కలు కనుపించినవి. పన్నెండవ నాటికి బిడ్డ మ్రింగు చప్పుడు వినబడినది. అప్పటినుండి డాక్టరు సలహాతో పోతపాలను కొద్దికొద్దిగా, రోజుకు ముప్పది నుండి అరువది మిల్లీలీటర్లు, తగ్గించుచు వచ్చినారు. రోజుకు ఆరు మార్లకు తగ్గకుండ మూత్రము పోయుచున్నదా, వారమునకు కనీసము 125 గ్రాములు బరువు పెరుగుచున్నదా అని చూచుకొనవలెను. అది లేనినాడు తగ్గించరాదు. అయిదవ వారమునకు డబ్బా మానినారు.

మెంతులు, వెల్లుల్లి, సబ్బసిగ ఆకు, మునగాకు అన్నియు ఆ ఇంట వండినారు. తినుటకు మంచివే, బాలింతకు కడుపునిండ తిండి కావలసినదే. కాని చీకింపు లేకుండ అవి పాలు తెచ్చునని నమ్మి కూర్చుండరాదు. పాలు పెంచు మాత్రలు ఉన్నవి. అవి డాక్టరు వ్రాసి ఇవ్వక అంగడిలో కొనరాదు.

అందరికీ ఇట్లే జరుగునని వ్రాస్తే అబద్ధమగును. మాకు తెలిసిన మరియొక ఇంట నెల దినములు శ్రమపడినను సగము పాలే వచ్చినవి, మిగత సగము పోతపాలే. ఆ తల్లి లోపమేమియు లేదు. సగము పాలైనను బిడ్డకు మేలే, డబ్బా ఖర్చులోనూ సగము మిగిలినట్లే. కొన్ని వ్యాధులలో పాలివ్వవచ్చునా లేదా అన్నది డాక్టరే తేల్చవలెను. అట్టి తల్లిని ఇరుగుపొరుగు దెప్పిపొడుచుట కంటె పాపము లేదు.

పాలడబ్బాల ప్రకటనలు, తల్లులకు ఉచిత నమూనాలు ఇచ్చుట 1992 నాటి చట్టము నిషేధించినది. 2003లో దానిని ఇంకను బిగించినారు. ఫ్యాక్టరీ స్త్రీలకు 1961 నాటి ప్రసూతి చట్టము బిడ్డకు పదిహేను నెలలు నిండువరకు పాలిచ్చుటకై రోజుకు రెండు విరామములు ఇచ్చినది; 2017లో సెలవు ఇరువది ఆరు వారములైనది. ఇంట కూర్చుండి కండెలు చుట్టు మన స్త్రీలకు ఆ చట్టము వర్తించదు. వారికి విరామము ఇవ్వగలవారు ఇంటివారును, సంఘములును మాత్రమే. కాన్పు అయిన ఇంటికి ఆరు నెలలపాటు చీర గడువులో సడలింపు ఇయ్యవలెనని మా సంఘములో తీర్మానము ప్రతిపాదించినాము. ఇంకను చర్చలో ఉన్నది. ఇతర సంఘముల కార్యదర్శులు తమ అనుభవము వ్రాసి పంపిన సంతోషింతుము.

బిడ్డను ప్రతి వారము అంగనవాడిలో తూచినారు. ఒక వారము అక్కడ త్రాసు చెడిపోగా ఆ పెద్దమ్మ బిడ్డను తిన్నగా మా సంఘానికి తెచ్చి, నూలు తూచు కాంటా మీద పడుకోబెట్టమన్నది. తల్లి పాత చీర మడిచి వేసి, దాని బరువు తీసివేసి చూచినాము. 4 కిలోల 720 గ్రాములు. గుమాస్తా అలవాటు చొప్పున నూలు పుస్తకములో వ్రాసివేసినాడు. ఆడిటరు అడిగినప్పుడు చెప్పుకొందుమని కొట్టివేయలేదు.