కన్నతల్లికి అరువది దినములు

ప్రసూతి వార్డులో మూడవనాటి సాయంకాలము. తల్లికి అప్పుడప్పుడే పాలు పడుచున్నవి. ఆమెకు తోడు ఎవరును లేరు. బిడ్డ తండ్రి రాడు. పుట్టింటివారికి సంగతి తెలియదు. అట్టి సమయమున, ఆసుపత్రిలో అందరికి తెలిసిన ఒకామె వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి మెల్లగా అనును: “నీకెందుకే తల్లీ ఈ బరువు? పిల్లల్లేని మంచివాళ్ళున్నారు. మహారాణిలా చూసుకుంటారు. నీ ఖర్చులు కూడా వాళ్ళే పెట్టుకుంటారు. మూడో కంటికి తెలియదు.”

ఈ దృశ్యము నేను ఊహించి చెప్పినదే గాని, ఇట్టివి జరుగుచున్నవని పత్రికలు చదువువారందరికి తెలియును. ఆ మాటలలో దయ బొత్తిగా లేదనను. కాని ఆ తల్లికి అత్యవసరమైనది ఒకటి అందులో లేదు. అది వ్యవధి.

దత్తత అనగానే మన యిండ్లలో స్ఫురించునది వేరు. సంతానము లేని అన్నకు తమ్ముడు తన రెండవ కుమారుని ఇచ్చుట, పురోహితుడు దత్తహోమము చేయించుట, బంధువులు భోజనములు చేసి వెళ్ళుట. పిండోదకములకును ఆస్తికిని కొడుకు కావలెను గనుక సామాన్యముగా కొడుకునే తెచ్చుకొనెడివారు. ఆడపిల్లను గూడ దత్తత తీసికొనవచ్చునని హిందువులకు చట్టము స్పష్టముగా చెప్పినది 1956 లోనే. హోమము తప్పనిసరి కాదనియు, బిడ్డను నిజముగా ఇచ్చి పుచ్చుకొనుటయే ముఖ్యమనియు, అందుకు సొమ్ము ముట్టజెప్పుట నేరమనియు ఆ చట్టమే చెప్పినది. అయినను బిడ్డను ఇచ్చు అధికారము అందులో తండ్రిది. తల్లి చేయవలసినది సమ్మతించుట. ఆమెకు సమానాధికారము 2010 నాటి సవరణతో గాని రాలేదు. నవమాసములు మోసినదాని మాటకు ఇంత ఆలస్యముగా విలువ వచ్చినదన్నమాట.

బంధువుల మధ్య జరుగు ఆ దత్తత నేటికిని చెల్లును. నేను చెప్పదలచినది, బిడ్డను చేతులలో పెట్టుటకు ఏ బంధువును లేని తల్లిని గూర్చి. కుంతి కథ మనకు తెలిసినదే. పసికందును పెట్టెలో నుంచి నదిలో విడుచునాడు ఆమెకు దాది తప్ప ఆలోచన చెప్పువారు లేరు. రాధకు బిడ్డ దొరకినందుకు సంతోషింతుము; కుంతికి మాత్రము ఆ పెట్టె జీవితాంతము కన్నుల ముందు నుండి తొలగలేదు.

1984 లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమును పట్టించుకొన్నది. బిడ్డ పుట్టక పూర్వము గాని, పుట్టిన మూడు నెలలలోపుగాని బిడ్డను ఇచ్చివేయు నిర్ణయమును తల్లిదండ్రులచే చేయింపరాదని ఆ తీర్పు చెప్పినది. ఈ జాగ్రత్త ఎంత అవసరమో మన ప్రాంతమునకే చేదుగా తెలిసివచ్చినది. 1999 లోను, తిరిగి 2001 లోను, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ తండాల ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు కొని, దత్తత పేరిట విదేశములకు పంపు వ్యాపారము బయటపడినది. తల్లులు అప్పగించినట్లు పత్రములు కూడ సిద్ధముగా ఉండెడివి. పేదరికము, అధిక సంతానము, ఆడపిల్ల యగుట అను కారణములతో బిడ్డలను అప్పగించుటను 2001 లో రాష్ట్ర ప్రభుత్వము నిషేధించినది.

నేడు దేశమంతటికి వర్తించునది 2015 నాటి బాలన్యాయ చట్టము. ఏ మతమువారికైనను అదే మార్గము. బిడ్డను పెంచలేని స్థితిలో ఉన్న తల్లి జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ఎదుటికి రావలెను. అందులో ఒక అధ్యక్షుడు లేక అధ్యక్షురాలు, మరి నలుగురు సభ్యులు ఉందురు. త్రోవ తెలియనివారు 1098 సంఖ్యకు ఫోను చేసిన చాలును. చదువురాని తల్లికి దరఖాస్తు వ్రాయించు ఏర్పాటును సమితియే చేయును.

అక్కడ మొదట జరుగునది బిడ్డను తీసికొనుట కాదు, ఆమెను ఆపి చూచుట. బిడ్డను తనయొద్దనే ఉంచుకొను అవకాశము ఏమైన ఉన్నదా అని మాటలాడుదురు. భర్త పోయినదై, లేక భర్త విడిచినదై, ఆదాయము స్వల్పముగా ఉన్న తల్లికి బిడ్డ పోషణకై నెలకు 4,000 రూపాయలు ఇచ్చు పథకము మిషన్ వాత్సల్యలో కలదు. అది అందరికి దొరకునది కాదు. కాని దొరకదగిన తల్లికి ఆ సంగతి చెప్పకుండ సంతకము పెట్టించుట అన్యాయము.

అప్పటికిని ఆమె నిశ్చయము మారనిచో అప్పగింత పత్రము వ్రాయింతురు. దంపతులైనచో ఇరువురును సంతకము చేయవలెను. వివాహము కాని తల్లియైనచో ఆమె సంతకమే చాలును. ఆమె మైనరైనచో వెంట వచ్చిన పెద్దవారు సాక్షిగా సంతకము చేయుదురు. బిడ్డ శిశుగృహమునకు చేరును.

అటుపిమ్మట 60 దినములు. ఈ గడువును గూర్చి మన యిండ్లలో తెలిసినవారు తక్కువ. ఆ 60 దినములలో ఎప్పుడైనను తల్లి తిరిగి వచ్చి, మనస్సు మార్చుకొంటినని చెప్పి బిడ్డను కోరవచ్చును. అప్పటివరకు ఆ బిడ్డను ఎవరికిని దత్తత ఈయరు. ప్రసవమైన వారములో తీసికొన్న నిర్ణయములో నీరసము ఎంతో, భయము ఎంతో, సిగ్గు ఎంతో ఆమెకే తెలియదు. నెల గడచుసరికి ఒంటికి బలము వచ్చును. ఎవరికిని చెప్పుకొనలేదనుకొన్న సంగతిని ఒకనాటి రాత్రి తన తల్లితో చెప్పుకొనవచ్చును. గుమ్మము త్రొక్కవద్దన్న తండ్రి ఇరువది దినములకు మెత్తబడిన యిండ్లు మనమెరుగనివి కావు. మెత్తబడకపోవచ్చును గూడ. అప్పుడు ఆమె నిర్ణయము నిలిచియుండును. కాని అది ఆలోచించి చేసినది యగును.

60 దినములు దాటిన పిమ్మట అప్పగింతను రద్దుచేయుట లేదు. ఆమెకు వేరుగ నోటీసు కూడ పంపరు. ఇది కఠినముగా తోచవచ్చును. ఒక్కొక్క దినము పెరుగుచున్న పసిబిడ్డ ఒక ఒడిలో స్థిరపడవలసి యున్నదని తలచినచో గడువునకు ఒక హద్దు ఉండక తప్పదు. అయినను, గడువు ముగియుటకు వారము ముందు ఎవరైన ఒకరు గోప్యముగా ఆమెను పలుకరించిన బాగుండునని నా అభిప్రాయము.

తల్లులను ఈ మార్గమునకు రానీయకుండ చేయుచున్నది పోలీసుల భయము. చట్టములో స్పష్టముగా ఉన్నది: బిడ్డను అప్పగించుటను గూర్చిన విచారణలో కన్న తల్లిదండ్రులపై కేసు నమోదు చేయరాదు. ఆమె వివరములను గోప్యముగా ఉంచవలెను. ఈ ఒక్క మాట తెలియకనే తుప్పలలోను, బస్సు స్టాండులలోను పసికందులను విడిచి పోవుచున్నారు. చీమలు కుట్టి, కుక్కలు పీకి చనిపోయిన శిశువుల వార్తలు చదివి ఆ తల్లిని దూషించువారు చాలమంది. ఎక్కడికి వెళ్ళవలెనో ఆమెకు ముందుగా చెప్పినవారు అరుదు.

ఈ పత్రిక చదువు యిండ్లలో బిడ్డకొరకు ఎదురు చూచుచున్నవారును ఉందురు. ఆరోగ్యముగల పసిబిడ్డకై నియమానుసారముగా పేరు వ్రాయించుకొన్నవారు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. ఆ వేదనలో మధ్యవర్తి మాట తీయగా ఉండును. కాని శిశువును కొనుట, అమ్ముట అయిదేండ్ల వరకు కఠిన శిక్షపడు నేరము. ఆసుపత్రి సిబ్బంది చేసినచో మూడు నుండి ఏడేండ్ల వరకు. 2024 మే నెలలో హైదరాబాదు పరిసరములలో ఇట్టి ముఠా పట్టుబడినప్పుడు, శిశువులను పెంచుకొనుచున్న యిండ్ల నుండి తీసికొనిపోయి శిశువిహారములో ఉంచిరి. అప్పటికి అమ్మా అని పిలుచుచున్న బిడ్డలు వారిలో ఉండియుందురు. చట్టప్రకారము వచ్చిన బిడ్డకు 2022 సెప్టెంబరు నుండి జిల్లా కలెక్టరే దత్తత ఉత్తరువు ఇచ్చుచున్నారు. ఆనాటి నుండి ఆ బిడ్డ అన్నివిధముల ఆ యింటి బిడ్డ.

శిశుగృహములోని కాగితములు మాత్రము పారవేయరు. ఆ బిడ్డకు 18 ఏండ్లు నిండిన పిమ్మట, తన మూలములను తెలిసికొనగోరి స్వయముగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కన్నతల్లి అప్పగించునాడు తన పేరు తెలుపవద్దని కోరియున్నచో, ముందుగా ఆమె సమ్మతిని అడుగుదురు. ఆనాడు అవుననుటయో, కాదనుటయో, అదియును ఆమె యిష్టమే.