వేలిముద్ర ఇవ్వనన్న గని ఊరు

కోలారు బంగారు గనుల్లో నిఘా చరిత్ర ఆ గనులంత పాతది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ తవ్వకాలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి కార్మికుడి ఒంటిమీద ఓ కన్ను పడుతూనే ఉంది. బంగారం మిగతా ఖనిజాల్లాంటిది కాదు. ఇనుప రాయిని దొంగిలించాలంటే బండి కావాలి. బంగారానికి నోరు చాలు, జుట్టుముడి చాలు, పంచె మడత చాలు. అందుకే షిఫ్టు ముగిసి పైకొచ్చిన కార్మికుణ్ణి ఒళ్ళంతా తడిమి చూసిన తర్వాతే ఇంటికి వదిలేవారు. గనుల చుట్టూ కావలి, దానికి తోడు పోలీసు, ఆ రెండింటి వెనకా మైసూరు సంస్థానం 1897లో తెచ్చిన గనుల చట్టం. ఎవరి దగ్గరైనా గని సరుకు దొరికితే అది తనకెలా వచ్చిందో ఆ మనిషే చెప్పుకోవాలి, చెప్పుకోలేకపోతే శిక్ష. మామూలుగా నేరం రుజువు చేయాల్సిన బరువు సర్కారుది. ఇక్కడ ఆ బరువును కూలీ నెత్తికెత్తారు.

ఆ కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాడు, చిత్తూరు ప్రాంతాల నుంచి కరవుకు, కులానికి తాళలేక వలస వచ్చిన తమిళ, తెలుగు దళితులు. తడికల గుడిసెల లైన్లలో, గనుల అంచున పెరిగిన ఆండర్సన్‌పేట, రాబర్ట్‌సన్‌పేటల్లో కాపురాలు పెట్టారు. ఊళ్ళో అంటరానితనం తప్పించుకుని వచ్చిన మనిషికి గని దగ్గర కూలి డబ్బు దొరికింది, దాంతోపాటు రోజూ దొంగలా నిలబడాల్సిన వరసా దొరికింది.

1930లో కంపెనీలు ఇంకో అడుగు ముందుకేశాయి. గనిలో పనిచేసేవాళ్ళంతా వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేయించుకోవాలన్నాయి. యాజమాన్యం లెక్క అర్థం కానిదేమీ కాదు. మనిషి పేరు మార్చుకోగలడు, ఊరి పేరు వేరే చెప్పగలడు, వేలి గీతలు మాత్రం మార్చుకోలేడు. ముద్ర ఒకసారి దస్త్రానికెక్కితే, ఒక గని గెంటేసిన మనిషి పక్క గనిలో ఇంకో పేరుతో చేరే దారి మూసుకుపోతుంది. కార్మికులు ఒప్పుకోలేదు. గట్టి యూనియన్ లేదు, పేరున్న నాయకుడు లేడు. అయినా వేలమంది రోజుల తరబడి గనిలోకి దిగలేదు. చరిత్రకారిణి జానకి నాయర్ 1998లో వెలువరించిన ‘మైనర్స్ అండ్ మిల్‌హ్యాండ్స్’ పుస్తకంలో సంస్థానపు కార్మిక చరిత్రలో ఈ సమ్మెకున్న స్థానాన్ని చూపించారు. దానికి నిప్పంటించింది కూలి రేటు కాదు, వేలిముద్ర. దేశంలో గోప్యత హక్కు కోసం సాగిన తొలి సామూహిక పోరాటాల్లో దీన్నీ లెక్కించాలి. ఆ మాట అప్పటికి ఎవరి నోటా లేకపోయినా, పోరాడింది దానికోసమే.

అంత చిన్న ముద్ర మీద అంత కోపం ఎందుకంటే, ఆ రోజుల్లో దాన్ని ఎవరి దగ్గర తీసుకునేవారో అందరికీ తెలుసు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక గుత్తేదారు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. ఆ తర్వాత ఎడ్వర్డ్ హెన్రీ, ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ వేలి గీతలను వర్గీకరించే పద్ధతి తయారుచేశారు. తెలుగు ఇళ్ళలో పిల్లల వేళ్ళు పట్టుకుని శంఖాలు, చక్రాలు అంటూ లెక్కపెట్టే ఆ గీతలనే వాళ్ళు 1,024 గూళ్ళలో సర్దారు. పదివేళ్ళ ముద్రలున్న కాగితం ఏ గూట్లో ఉందో నిమిషాల్లో పట్టుకోవచ్చు. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో మొదలైంది. అందులో చేరినవి నేరస్తుల ముద్రలు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఇంకా ముందుకు వెళ్ళి, ఏ నేరమూ చేయకపోయినా ఫలానా కులంలో పుట్టినందుకే ముద్ర తీసుకునే అధికారం ఇచ్చింది. గుంటూరు సీమలో ఎరుకల కుటుంబాల కోసం పెట్టిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులో హాజరు పిలుపు, ఊరు దాటాలంటే అనుమతి, దస్త్రంలో ముద్ర, ఇవే రోజువారీ బతుకు. ఇదంతా ఎరిగిన కాలంలో గని కార్మికుణ్ణి వేలు చాపమంటే ‘నువ్వూ ఆ జాబితాలోవాడివే’ అన్నట్టే.

కోలారు సమ్మెకు దాదాపు పాతికేళ్ళ ముందే దక్షిణాఫ్రికాలో ఇదే గొడవ నడిచింది. ట్రాన్స్‌వాల్ సర్కారు ఆసియావాసులంతా వేలిముద్రలతో నమోదు కావాలన్నప్పుడు 1906 సెప్టెంబరు 11న జోహన్నెస్‌బర్గ్‌లో భారతీయులు గుమికూడి లొంగబోమని ప్రమాణం చేశారు. సత్యాగ్రహం పుట్టింది ఆ సభలోనే. 1908 జనవరిలో గాంధీ, జనరల్ స్మట్స్ మధ్య రాజీ కుదిరింది: చట్టం బలవంతం లేకుండా, ఇష్టపూర్వకంగా నమోదు కావడానికి గాంధీ ఒప్పుకున్నాడు. సర్కారు మాట తప్పిందని ఆగస్టులో వేలాది పత్రాలను తగలబెట్టారు. వేలు అదే, సిరా అదే. ఒకటి మనిషి ఇచ్చేది, రెండోది మనిషి దగ్గర లాక్కునేది. ఈ తేడాను పట్టించుకోకుండా నిఘా గురించి ఎంత మాట్లాడినా అది యంత్రాల ధరవరల చర్చే అవుతుంది.

స్వతంత్ర భారతంలో న్యాయస్థానాలు ఈ తేడా దగ్గరికి రావడానికి చాలా కాలం పట్టింది. 1954లో ఎం.పి. శర్మ కేసులో సుప్రీంకోర్టు ఎనిమిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, సోదాల విషయంలో రాజ్యాంగం గోప్యత హక్కును గుర్తించలేదంది. తర్వాతిది ఖరక్‌సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం లేక బయటపడిన మనిషి ఖరక్‌సింగ్. పోలీసులు మాత్రం ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టడం, ఇంట్లో ఉన్నాడా అని లేపి చూడటం, ఎక్కడికి వెళ్ళినా వెంట ఆరా. 1962 డిసెంబరులో వచ్చిన తీర్పులో ఎక్కువమంది న్యాయమూర్తులు రాత్రి తలుపు కొట్టడం తప్పన్నారు గానీ, గోప్యత హక్కు మాత్రం లేదన్నారు.

విడిగా తీర్పు రాసినవాడు రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయనతో జస్టిస్ జె.సి. షా ఏకీభవించారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నది సుబ్బారావు వాదన. కాళ్ళకు సంకెళ్ళు వేయకపోయినా, ఎవరో చూస్తున్నారన్న ఎరుకతో మనిషి నడక మారిపోతుంది, మాట మారిపోతుంది, ఇంటికొచ్చే చుట్టాలూ మారిపోతారు. అలాంటి కదలికను స్వేచ్ఛ అనడానికి ఆయన ఒప్పుకోలేదు. రౌడీషీటు, సస్పెక్టు షీటు అన్న మాటలు తెలిసిన ప్రతి తెలుగు ఊరికీ ఇందులో నిజం ఎంతో తెలుసు.

ఆ విడి తీర్పు సుప్రీంకోర్టు మాటగా నిలబడటానికి 55 ఏళ్ళు పట్టింది. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో ఫోను సంభాషణ గోప్యతలో భాగమని, ట్యాపింగ్‌కు హోంశాఖ కార్యదర్శి స్థాయి ఉత్తర్వు ఉండాలని కోర్టు చెప్పింది. 2012లో ఆధార్‌ను సవాలు చేస్తూ కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కమిషన్ అధ్యక్షుడిగా పనిచేసిన ఆయన పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. ఖరక్‌సింగ్ కేసులో గోప్యతను కాదన్న భాగాన్ని కొట్టేసి, సుబ్బారావు మాటకు పట్టం కట్టారు.

ఆ తీర్పులో సర్కారుకు పెట్టిన పరీక్ష సాదా మాటల్లో ఇది: మనిషి గోప్యతలోకి చొరబడాలంటే దానికో చట్టం ఉండాలి, ఆ చట్టానికి న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి ఎంత అవసరమో అంతకు మించి చొరబడకూడదు. 1930 నాటి గని కార్మికుడు అడిగింది సరిగ్గా మూడోదే. ఎవడో ఒకడు దొంగిలిస్తే అందరి వేళ్ళూ ఎందుకు? 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో నలుగురు న్యాయమూర్తులు సంక్షేమ పథకాలకు ఆధార్‌ను నిలబెట్టారు. ప్రైవేటు కంపెనీలు అడగడాన్ని కొట్టేశారు. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే మొత్తం పథకం చెల్లదన్నారు.

ఈలోగా యంత్రాలు మారిపోయాయి. పాత సోదాకు చెయ్యి తగలాలి, కొత్త స్కానింగ్‌కు ఆ అవసరం లేదు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1992లో పోలీసులు రోడ్డు మీద వాహనంలోంచి ఒక ఇంటి గోడల వేడిని థర్మల్ కెమెరాతో కొలిచి, లోపల దీపాల కింద గంజాయి పెంచుతున్నారని ఊహించారు. గుమ్మం తొక్కకపోయినా అది సోదాయేనని, వారంటు ఉండాల్సిందేనని 2001లో ఆ దేశపు సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. ముట్టుకోకుండా చూసినా చూసినట్టే అన్న ఆ సూత్రం మన దగ్గర ముఖ గుర్తింపు కెమెరాల విషయంలో ఇంకా తేలాల్సి ఉంది.

ముఖ గుర్తింపు యంత్రం ఫొటోలోని మొహాన్ని ఒక అంకెల వరసగా మారుస్తుంది. రెండు వరసలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కగట్టి, పోలిక ఇంత శాతం అంటుంది. ఎంత శాతం దాటితే ‘వీడే’ అనాలో నిర్ణయించేది మనుషులు. ఢిల్లీ పోలీసులు 80 శాతాన్ని గీతగా పెట్టుకున్నట్టు సమాచార హక్కు కింద 2022లో బయటికొచ్చింది. చౌకడిపోలో యంత్రం చేసేది ఒకరి ముద్రను ఒకే దస్త్రంతో పోల్చడం. వీధి కెమెరా చేసేది వేరు: దారినపోయే ప్రతివాణ్ణీ పెద్ద జాబితాతో పోలుస్తుంది. వెయ్యికి ఒక్క పొరపాటే జరుగుతుందనుకున్నా, రోజుకు లక్షమంది నడిచే కూడలిలో వందమంది అమాయకులు అనుమానితులవుతారు.

తెలుగు నేల మీద దీని ప్రయోగశాల హైదరాబాద్. 2018లో తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌కు ముఖ గుర్తింపు తోడైంది. 2021 మే లాక్‌డౌన్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు, అయినా ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఎక్కడ దాచారు, ఏ చట్టం కింద అని ఆయన హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. 2021 అక్టోబరులో అదే నగరంలో పోలీసులు బండ్ల మీద వెళ్తున్న కుర్రాళ్ళను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్ సంభాషణల్లో ‘గంజాయి’ అన్న మాట వెతికిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. గని మొగదల ఒళ్ళు తడిమిన చెయ్యి ఇక్కడ జేబులోని స్నేహాల్ని, ప్రేమల్ని, అప్పుల్ని తడిమింది. పంచె మడతలో దాగేది బంగారపు ముక్కే, ఫోనులో ఉండేది మనిషి మొత్తం.

మళ్ళీ కోలారుకొస్తే, అక్కడి బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కార్మికుల పిల్లలు, మనవలు తెల్లవారుజామున మారికుప్పంలో బయల్దేరే బెంగళూరు రైళ్ళెక్కి పనికెళ్తున్నారు. కోలారు జిల్లా ఒకటే అయినా పోలీసు లెక్కలో కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) విడి జిల్లా, దానికో ఎస్పీ. బంగారం కోసం వేసిన కావలి బంగారం పోయాకా నిలిచింది. 2017 నాటి కర్ణాటక ప్రజా భద్రత చట్టం ప్రకారం, ఒకేసారి వందమంది లేదా రోజుకు 500 మంది వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలి, దృశ్యాలు 30 రోజులు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి.

రేషన్ బియ్యానికి మళ్ళీ వేలే కావాలి. డ్రిల్లు, సున్నం, సిమెంటు, పొలం పని వేలి గీతల్ని అరగదీస్తాయి. యంత్రం చూసేది గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అన్నది. గీత అరిగితే పోల్చడానికి ఏమీ మిగలదు. వేలు తుడుచుకుని, తడిచేసి, బొటనవేలు కాకపోతే ఉంగరపు వేలు పెట్టి చూస్తారు. కుదరకపోతే ఓటీపీ, కంటిపాప లాంటి ప్రత్యామ్నాయాలు నిబంధనల్లో ఉన్నాయి. కానీ డిపో ముందు వరసలో నిలబడ్డ ముసలమ్మకు అవి చెప్పేదెవరు? జీవితమంతా కష్టపడినందుకు తన ఉనికిని తనే రుజువు చేసుకోలేని స్థితి అన్యాయం. దీన్ని సాంకేతిక లోపం అని సరిపెట్టడం ఇంకా పెద్ద అన్యాయం.

మన చట్టాలు మనిషి వైపు కదలాల్సింది, నిఘా వైపు కదిలాయి. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో వచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం వేలిముద్రలతోపాటు కంటిపాప, రెటీనా, నడవడి లక్షణాలు కూడా తీసుకోనిస్తుంది, 75 ఏళ్ళు దాచనిస్తుంది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం బహిరంగ ప్రదేశాల్లో పోలీసులు అప్పటికప్పుడు మొహాలు పోల్చడాన్ని, కొన్ని తీవ్ర నేరాల మినహాయింపులతో నిషేధించింది. మన దేశంలో ముఖ గుర్తింపుకంటూ ప్రత్యేక చట్టం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టంలోని 17వ సెక్షను, దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ఏ సర్కారీ సంస్థనైనా చట్టం పరిధి నుంచే తప్పించే అధికారం కేంద్రానికిచ్చింది. 2025 నవంబరులో ఆ చట్టం నియమాలు వచ్చాయి. డేటా పోగేసేవాళ్ళ మీద పెట్టిన ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం పేరుతో జవాబు నిరాకరించే వీలును పెంచిన సవరణ మాత్రం గడువేమీ లేకుండా వెంటనే అమల్లోకి వచ్చింది.