నెత్తిమీద నీడ

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడని మనవాళ్లకొక తిట్టు ఉంది. ఈ రోజుల్లో అటువంటి అతిథి వచ్చినా మనకు భయం లేదు. వెల్లకిలా పడుకుని ఎంతసేపు చూసినా నున్నటి శ్లాబే గాని లెక్కపెట్టడానికి వాసాలేవీ? వాసాలతోపాటు కప్పును గురించి ఆలోచించే అలవాటు కూడా పోయింది. గుమ్మానికి ఏ చెక్క, వంటింటికి ఏ బండ అని నెలల తరబడి తర్జనభర్జన చేస్తాము. కప్పు మాట వచ్చేసరికి "శ్లాబేగా!" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాము. ఎండకూ వానకూ నిలబడవలసింది మాత్రం ఆ కప్పే.

మన పెద్దలు ఊరి వానను బట్టి, చేతికందే సరుకును బట్టి కప్పును ఎంచుకున్నారు. వాన దండిగా కురిసే కోస్తాలో ఏటవాలుగా తాటాకు కప్పు. ఉత్తరాంధ్రలో గాలి పట్టుకోవడానికి మూల అంటూ లేని చుట్టిల్లు. వానలు తక్కువైన రాయలసీమలో దూలాల మీద, దంతెల మీద చౌడు మట్టి పరచిన మిద్దె. ఇవన్నీ చల్లనివే, కాని లోపాలు లేనివి కావు. తాటాకుకు నిప్పు పగ. పైగా రెండు మూడేళ్లకొకసారి మళ్లీ నేయించాలి. ముసురు పట్టి నానితే మట్టి మిద్దె బరువెక్కి కూలిపోవచ్చు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పూరిపాకలు ఆగలేదు. కాబట్టి పాతదంతా బంగారమనీ అనలేము.

తరువాత వచ్చింది పెంకు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదాని గాడిలో ఒకటి కూర్చునే ఆ పెంకును మన ఊళ్లలో 'బెంగుళూరు పెంకు' అంటారు. పుట్టిల్లు ఒకచోట, పేరు మరొకచోట! పెంకుల సందుల గుండా వేడిగాలి పైకి పోతుంది. ఒకటి పగిలితే ఆ ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. దానికి ఇద్దరే శత్రువులు: కింద చెదపురుగు, పైన కోతి.

ఇక రేకులు. డాబా మీద నాలుగు గోడలు లేపి, రేకులు వేసి, "తాతగారికి పైగది" అనడం మన మధ్యతరగతి ఇళ్లలో మామూలే. ఇనుపరేకు ఎండకు పెనంలా కాలుతుంది. వానకు డప్పులా మోగుతుంది. వైశాఖంలో మధ్యాహ్నంపూట ఆ గదిలో ఉండవలసింది ఇంట్లోకెల్లా ఓపిక తక్కువైన మనిషి! వడదెబ్బకు ముందుగా గురయ్యేదీ వారే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రేకులు కాగితాల్లా లేచిపోయాయి. తీరప్రాంతం వారు రేకులే వేయదలిస్తే కొక్కెపు బోల్టుల విషయంలో పిసినారితనం పనికిరాదు.

సిమెంటు రేకులతో మరొక చిక్కు ఉన్నది. వీటిలో చాలావాటిలో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. ఏ రకం ఆస్బెస్టాసైనా క్యాన్సరుకు కారణం కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2005 నుంచి దానిపై నిషేధం ఉంది. మన దగ్గర ఇంకా అమ్ముతూనే ఉన్నారు. రేకును కోసినప్పుడు, విరిచినప్పుడు లేచే దుమ్ముతోనే ముఖ్యంగా ప్రమాదం. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు పదుల ఏళ్ల తరువాత బయటపడవచ్చు. పాత రేకులున్నవారు వాటిని రంపంతో కోయించవద్దు, పిల్లల చేత విరగగొట్టించవద్దు. కొత్తగా కొనేవారు ఆస్బెస్టాస్ లేని రేకులు అడిగి తీసుకోవాలి.

మరి శ్లాబు మాటేమిటి? గట్టిదే, పైన అంతస్తుకు వీలైనదే. అయితే కాంక్రీటు ఎండి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. పోసిన తరువాత కనీసం వారం పది రోజులు నీళ్లు నిలపాలి. మేస్త్రీ తొందరపడినా మీరు తొందరపడకండి. వాననీరు గొట్టంవైపు జారేలా కాస్త వాలు పెట్టించండి. ఇంతా చేసినా, పగలు తాగిన వేడిని శ్లాబు రాత్రి మన మంచాల మీద కక్కుతుంది. దీనికి చౌకైన మందు తెలుపు. తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ప్రకటించినదానికి మూలం ఇదే సూత్రం. ఉగాదికి గోడలకు సున్నం వేయిస్తాము కదా. అదే బకెట్టు, అదే కుంచె ఇంకొక్క పూట మేడ ఎక్కితే సరి.

ఇంటి పని మొదలుపెట్టబోయే దంపతులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మా ఊళ్లో గాలి ఎక్కువా, వాన ఎక్కువా, ఎండ ఎక్కువా? కప్పు చెడితే బాగుచేసే పనివాడు దొరుకుతాడా? కప్పు కింద గదిలో పగలంతా గడిపేదెవరు? మూడవదానికి జవాబు సాధారణంగా ఇల్లాలు, ముసలివారు, చంటిపిల్ల. ప్లాను ముందు కూర్చున్నప్పుడు వారి మాట కూడా వినాలి. మేస్త్రీకి బయానా ఇచ్చేముందు, మీరు వేయించదలచిన కప్పున్న ఇంటికి మే నెలలో ఒకనాడు మూడు గంటలవేళ వెళ్లి, ఫ్యాను ఆపించి, అరగంట కూర్చుని రండి. ఏ ఇంజనీరూ అంతకంటె స్పష్టంగా చెప్పలేడు.