నూజివీడు జమీందారీ

నూజివీడు జమీందారీ కోస్తా ఆంధ్రలోని పెద్ద జమీందారీలలో ఒకటి. మేకా ఇంటిపేరు గల పద్మనాయక వెలమ కుటుంబము దీనిని పాలించినది. ఈ వంశపు పురుషుల పేర్ల చివర "అప్పారావు" అన్నది తరతరాలుగా వస్తున్నది. నూజివీడు వీరి ముఖ్యపట్టణము. చాలాకాలము కృష్ణా జిల్లాలో ఉండిన ఈ పట్టణము 2022లో కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది. నేడు రసాలు, బంగినపల్లి మామిడిపండ్లకు పేరుపొందిన ఈ ప్రాంతపు చరిత్రలో, ఆస్తిని అన్నదమ్ములు పంచుకోవలెనా, పెద్దకుమారునికే ఇవ్వవలెనా అన్న ప్రశ్న ప్రధానపాత్ర వహించినది.

పేరు వెనుక కథ

నూజివీడు పేరు "నువ్వుచేల వీడు" నుండి వచ్చినదని స్థానికులు చెప్పుకొంటారు. వీడు అనగా విడిది, పట్టణము అని అర్థము. ఈ వంశపు మూలపురుషుడు ఒక నువ్వుచేనిలో మేక తోడేలును ఎదిరించి నిలువగా చూచి, అది వీరభూమి అని తలచి అక్కడ కోట కట్టించెనని కథ. వంశము ఇంటిపేరు కూడా మేకా కావడముచేత ఈ కథకు మరింత ప్రచారము కలిగినది. ఇది జనశ్రుతియే గాని చారిత్రక ఆధారము కాదు.

కంపెనీ పాలనకు ముందు

1687లో గోల్కొండ రాజ్యము మొగలుల వశమైన తరువాత కోస్తా జిల్లాలు మొగలు సుబేదారుల క్రిందకు, ఆ తరువాత నిజాము క్రిందకు వచ్చినవి. ఆ కాలములో జమీందారు కేవలము శిస్తు వసూలుదారు కాడు. కోట, సాయుధులైన బంట్లు, తన ప్రాంతములో తగవులు తీర్చే అధికారము అతనికి ఉండేవి. పై ప్రభువు బలముగా ఉన్నప్పుడు పేష్కషు (కప్పము) చెల్లించడము, బలహీనుడైనప్పుడు నిలిపివేయడము సర్వసాధారణము.

1753లో నిజాము ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చినాడు. 1759లో ఆంగ్లేయులు మచిలీపట్నమును పట్టుకొన్నారు. 1765 నాటి మొగలు ఫర్మానా, 1766లో నిజాముతో జరిగిన సంధి వలన సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కినవి.

తిరుగుబాటు, మొదటి విభజన

1783లో నాటి నూజివీడు జమీందారు కంపెనీకి ఎదురు తిరిగినాడు. కంపెనీ సేనలు కోటను పట్టుకొన్నవి. జమీందారీ కంపెనీ స్వాధీనమైనది. తరువాత దానిని తిరిగి అదే కుటుంబానికి ఇచ్చినప్పటికీ, పూర్వపు రూపములో ఇవ్వలేదు. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయము (పర్మనెంటు సెటిల్మెంటు) అమలుకు వచ్చిన సందర్భములో జమీందారీని రెండు భాగములుగా చేసి ఇద్దరు సోదరులకు ఇచ్చినారు. నిడదవోలు భాగము వెంకట నరసింహ అప్పారావుకు, నూజివీడు భాగము రామచంద్ర అప్పారావుకు చెందినవి.

శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు ఏటా చెల్లించవలసిన పేష్కషును ఒకేసారి స్థిరపరచి, "సన్నదు" అనే పత్రము ఇచ్చేవారు. పేష్కషు బాకీపడితే జమీందారీని వేలము వేసే అధికారము కంపెనీకి ఉండేది. కోటలు, సైన్యములు పోయి జమీందారు భూస్వామిగా మారినాడు. ఈ మార్పే తరువాతి వ్యాజ్యమునకు మూలమైనది.

విభజన వ్యాజ్యము

హిందూధర్మశాస్త్రములో మితాక్షర పద్ధతి ప్రకారము పిత్రార్జితములో కుమారులందరికీ పుట్టుకతోనే సమాన హక్కు కలదు. అయితే రాజ్యము వంటి సంస్థానములకు ఇది వర్తించదని ఆచారము. అక్కడ జ్యేష్ఠుడే వారసుడు. తమ్ములకు మనోవర్తి (పోషణభృతి) మాత్రమే లభించును. 19వ శతాబ్దపు ఉత్తరార్ధములో నూజివీడు అన్నదమ్ముల మధ్య ఈ ప్రశ్నే వచ్చినది. నూజివీడు ఒక రాజ్యమా, లేక పంచుకొనదగిన ఆస్తియా? రాజ్యమైతే తమ్ములు అన్నపై ఆధారపడి బ్రతుకవలెను. ఆస్తి అయితే అందరూ సమానులు.

వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్ళినది. 1879లో వచ్చిన తీర్పు సారాంశము ఇది: కంపెనీ తిరిగి ఇచ్చినది పాత సంస్థానము కాదు, కొత్తగా ఇచ్చిన జమీందారీ, కనుక సాధారణ ఆస్తి వలెనే ఇది విభజనకు లోబడును. సన్నదు పొందిన ప్రతి జమీందారీ విభాజ్యమని దీని అర్థము కాదు. పూర్వపు సంస్థానము తెంపు లేకుండా కొనసాగినదా లేదా అన్నది ఒక్కొక్క చోట విడిగా చూడవలసినదే. అందువలన ఈ తీర్పును తరువాతి వ్యాజ్యములలో న్యాయవాదులు తరచు ఉదహరించినారు.

ఫలితముగా నూజివీడు జమీందారీ ఆరు భాగములైనది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, కపిలేశ్వరపురం, మేదూరు మొదలైన ఎస్టేట్లు ఇట్లు ఏర్పడినవే. (ఈ కపిలేశ్వరపురం కృష్ణా ప్రాంతములోనిది, గోదావరి తీరములోని అదే పేరుగల గ్రామము వేరు.) ఇట్టి విభజనలను అరికట్టుటకు 1904లో మద్రాసు ప్రభుత్వము అవిభాజ్య ఎస్టేట్ల చట్టము చేసినది.

ఇతర దేశాలతో పోలిక

ఇటువంటి సమస్య మధ్యయుగపు ఆరంభములో ఐరోపాలోని ఫ్రాంకు రాజవంశములకు కూడా వచ్చినది. ఫ్రాన్సు, ఫ్రెంచి అన్న పేర్లు ఈ ఫ్రాంకుల నుండి వచ్చినవే. తెలుగులోని "ఫిరంగి" అన్న మాటకు కూడా, పారశీకము ద్వారా, వారి పేరే మూలము. ఫ్రాంకులు రాజ్యమును సైతము కుమారుల మధ్య పంచేవారు. 511లో మెరోవింగియను రాజు క్లోవిసు మరణించగా నలుగురు కుమారులు రాజ్యమును పంచుకొన్నారు. 800లో చక్రవర్తి అయిన షార్లమేను సామ్రాజ్యమును, 843లో వెర్డూను ఒడంబడిక ద్వారా అతని మనుమలు ముగ్గురు పంచుకొన్నారు. 987లో రాజ్యమునకు వచ్చిన కాపెటు వంశీయులు క్రమముగా జ్యేష్ఠ వారసత్వమును స్థిరపరచుకొన్నారు. అక్కడ విభజన యుద్ధములతో జరుగగా, నూజివీడులో న్యాయస్థానము ద్వారా జరిగినది.

రైతులు, జమీందారీ రద్దు

పంపకములు ఎన్ని జరిగినా శిస్తు కట్టువాడు రైతే. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టము జమీందారీ రైతుకు సాగుభూమిపై స్థిరమైన హక్కు కల్పించినది. 1937లో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘము జమీందారీ ప్రాంతములలో రైతుల స్థితిని విచారించి 1938లో నివేదిక సమర్పించినది. చివరకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టముతో జమీందారీలు అంతమైనవి. 1973 నాటి భూగరిష్ఠ పరిమితి చట్టము మిగిలిన పెద్ద కమతములకు హద్దు విధించినది.

విద్య, కళలు, రాజకీయములు

* 1937లో స్థాపించిన విజయవాడలోని ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల పేరులో మొదటి భాగము శ్రీ రాజా రంగయ్య అప్పారావుది. విశ్వనాథ సత్యనారాయణ ఇక్కడ తెలుగు అధ్యాపకులుగా పనిచేసినారు.
* నూజివీడులోని ధర్మ అప్పారావు కళాశాల కూడా ఈ వంశీయుల పేరున వెలసినదే.
* మీర్జాపురం రాజా శోభనాచల సంస్థ ద్వారా చలనచిత్రములు నిర్మించినారు. 1949 నాటి కీలుగుర్రం చిత్రమునకు ఆయనే దర్శకులు. ఆయన భార్య, నటి కృష్ణవేణి నిర్మించిన మనదేశం (1949) ఎన్.టి. రామారావుకు మొదటి చిత్రము.
* మేకా రంగయ్య అప్పారావు రాష్ట్ర మంత్రిగా, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసినారు.
* మేకా వెంకట ప్రతాప్ అప్పారావు 2004, 2014, 2019 ఎన్నికలలో నూజివీడు శాసనసభ్యులుగా ఎన్నికైనారు.