పువ్వుకు ఆదివారం లేదు... మరి మీకు?

వానాకాలంలో ఎప్పుడైనా గద్వాల నుంచి అయిజ వైపు, మల్దకల్ మీదుగా వెళ్లి చూడండి. రోడ్డుకి రెండు పక్కలా పత్తి చేన్లే. దూరం నుంచి మామూలు పత్తిలాగే ఉంటుంది. దగ్గరికెళ్తే తెలుస్తుంది, అది దూది కోసం వేసింది కాదని. సీడ్ పత్తి. వేరే ఊళ్ల రైతులు ప్యాకెట్లలో కొనుక్కునే హైబ్రిడ్ విత్తనం ఇక్కడ పుడుతుంది. కృష్ణ, తుంగభద్రల మధ్యనున్న ఈ నడిగడ్డ ఆ పనికి పెట్టింది పేరు.

ఈ చేనుతో ఒకటే చిక్కు. సెలవివ్వదు.

రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గ ఏదో ఇవాళ మధ్యాహ్నం నుంచే వెతికి పట్టుకోవాలి. గోటితో గిల్లి రేకుల్నీ కేసరాల్నీ తీసేయాలి, లోపలున్న కీలం మాత్రం నలగకూడదు. తెల్లారాక మగ మొక్కల వరసల్లో పూలు కోసుకొచ్చి, ఎండ ముదిరేలోపు ఆ పుప్పొడిని నిన్న గిల్లిన ఒక్కో మొగ్గకీ రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక పువ్వుకి ఒక్కటే ఛాన్స్. ఆ పూట తప్పితే ఆ కాయ పోయినట్టే. అందుకే వారాల తరబడి, పొద్దున ఒక పని, మధ్యాహ్నం ఒక పని, ఇంటిల్లిపాదీ చేనులోనే. జ్వరమొచ్చినా అంతే, చుట్టాలొచ్చినా అంతే. బడి హాజరు పలచబడేది కూడా ఈ రోజుల్లోనే. సన్న వేళ్లకి ఈ పని బాగా వస్తుందని పిల్లల్ని చేనుకి తీసుకుపోయే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తిని తెచ్చినప్పుడు ఈ పని చేతివేళ్లతోనే నడిచింది. ఇవాళ మల్దకల్ చేలల్లోనూ అదే.

ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు ఇప్పుడు హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కి చదువుతున్నారు. కొందరు గచ్చిబౌలిలో లాప్‌టాప్ ముందున్నారు, కొందరు బైక్ మీద డెలివరీలు చేస్తున్నారు. చేను విడిచి వచ్చారు గానీ చేను నేర్పిన లెక్క వాళ్లని విడవలేదు. ఒక్క పూట ఆగితే పోయినట్టే! రాత్రి రెండింటి దాకా చదివితేనే సీరియస్ అభ్యర్థి. ఆదివారం ఫోన్ ఎత్తకపోతే అప్రైజల్ గోవిందా. నిద్రపోతుంటే కూడా ఏదో తప్పు చేస్తున్నట్టు గిల్టీగా ఉంటుంది చూడండి, అదంతా ఆ లెక్కే.

ఆ లెక్క క్రాసింగ్ రోజుల్లో నిజం. చదువుకీ ఆఫీసుకీ వర్తించదు. పాలిటీలో మూడో చాప్టర్ రేపు పొద్దునకి వాడిపోదు కదా.

మన పనులకి దగ్గరగా ఉండే ఇంకో పని అదే జిల్లాలో ఉంది. గద్వాల చీర. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు దగ్గర నూలు పోగుని పట్టు పోగుతో ఒక్కో వరసలో మెలేసి కలుపుతూ పోవాలి. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చుని, కళ్లు పోగు మీదే పెట్టి రోజంతా చేసే పని. అలసిన కళ్లతో నేస్తే అంచు తప్పుతుంది. తప్పిన వరస విప్పడానికి నేసిన దానికంటే ఎక్కువ టైం పడుతుంది. కోడ్ రాసేవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండింటికి రాసిన నాలుగు లైన్లని సరిచేయడానికి మర్నాడు సగం రోజు పోతుంది.

తెలుగు నేలమీద చాలా నేత ఊళ్లలో అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. ఆర్డరున్నా సరే. అలాగే చాలా పల్లెల్లో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు, బసవన్న వారమని. భక్తి అనండి, ఆచారం అనండి, అందులో ఉన్న తెలివి మాత్రం చూడండి. ఎద్దు కూలబడ్డాక ఇచ్చే సెలవు కాదది. ఎద్దు బాగున్నప్పుడే ముందుగా రాసిపెట్టిన సెలవు. పని అయిపోయాక పడుకుందాం అనుకుంటే పని ఎప్పటికీ అవదని ఆ రైతుకి తెలుసు. మన గూగుల్ క్యాలెండర్‌లో మీటింగులన్నీ ఉంటాయి, ఆ సోమవారమే ఉండదు.

ఇదంతా పాతకాలపు మాటలా అనిపిస్తే ఒక లెక్క చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత సరుకు తయారుచేశారో అప్పటి అధికారులు రాసి ఉంచారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ ఆ రికార్డుల్ని తవ్వి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వారానికి 49 గంటల దాకా గంటలు పెరిగినకొద్దీ సరుకూ పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల మందగించింది. వారానికి 70 గంటలు చేసినప్పుడు వచ్చిన సరుకుకీ, 56 గంటలు చేసినప్పుడు వచ్చిన సరుకుకీ పెద్ద తేడా లేదు! అంటే ఆ 14 గంటలు ఒళ్లు హూనం చేసుకోవడానికే సరిపోయాయి. ఆదివారం సెలవు తీసేసిన వారాల్లో ఉత్పత్తి దెబ్బతింది కూడా. యుద్ధం మీదకొస్తుంటే, దేశం కోసమని చేస్తున్న పనిలోనే ఇలా జరిగింది.

మన దగ్గర ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబరులో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటల దాకా వెళ్లారు, ఆదివారాలు కూడా పనిచేయించలేకపోతున్నందుకు బాధగా ఉందన్నారు. పెద్దవాళ్లు, కష్టపడి పైకొచ్చినవాళ్లు, కాదనలేం. కానీ సొంత కంపెనీ కట్టుకుంటూ మనసుపడి చేసే 70 గంటలు వేరు, ఇంకొకరు పెట్టిన డెడ్‌లైన్ కింద చేసే 70 గంటలు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు దాదాపు 35 శాతం ఎక్కువ. మంచాన పడ్డాక ఏ ప్రమోషన్ ఏం చేసుకుంటాం?

పరీక్షలకి చదివేవాళ్లకి ఇంకో విషయం చెప్పాలి. 1924లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఒక చిన్న ప్రయోగం చేశారు. ఇద్దరు విద్యార్థుల చేత పదేసి అర్థంలేని అక్షరాల ముక్కల్ని బట్టీ పట్టించారు. కొన్నిసార్లు చదవగానే పడుకోబెట్టారు, కొన్నిసార్లు మామూలుగా తిరగనిచ్చారు. ఎనిమిది గంటల తర్వాత అడిగితే, నిద్రపోయినప్పుడు సగం దాకా గుర్తున్నాయి. మెలకువగా ఉన్నప్పుడు పదిలో దాదాపు ఒకటి. అప్పట్నుంచి ఈ వందేళ్లలో నిద్రకీ జ్ఞాపకానికీ ఉన్న ముడి గురించి చాలా పరిశోధనలొచ్చాయి. రాత్రంతా మేలుకుని రివిజన్ చేయడమంటే, చేనులో విత్తు వేసి మన్ను కప్పకుండా వచ్చేయడమే.

పదివేల గంటల సాధన అని మోటివేషన్ రీల్స్‌లో చెబుతుంటారే, దానికి మూలం ఎరిక్‌సన్ బృందం 1993లో బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన. రీల్స్‌లో చెప్పని సగం ఒకటుంది. అక్కడ మేటి విద్యార్థులు సాధన ఎక్కువ చేయడమే కాదు, మిగతావాళ్లకంటే నిద్రా ఎక్కువ పోయేవారు. మధ్యాహ్నం కునుకు కూడా అందులో భాగమే. మధ్యాహ్నం కునుకు తీసే మన తాతల్ని బద్ధకస్తులన్నాం గానీ, వాళ్లే నయం.

ఇక్కడో పేచీ. "రెస్ట్ తీసుకుంటూనే ఉన్నాం కదా, గంటసేపు ఇన్‌స్టా చూశాం" అంటారా? అది రెస్ట్ కాదు. కళ్లకి పని తప్పలేదు, మెడ వంగే ఉంది, బుర్రలో ఎవరిదో పెళ్లి, ఎవరిదో ప్యాకేజీ, ఎవరిదో కొత్త కారు. ఎద్దుని నాగలి నుంచి విప్పి బండికి కట్టినట్టు. పోగు మీద నుంచి కళ్లు తీయాలంటే తీయాల్సిందే. ఓ పావుగంట డాబా మీద నడవండి. ఊరికి ఫోన్ చేసి అమ్మతో పనికిరాని కబుర్లు చెప్పండి. లేదా హాయిగా పడుకోండి.

ఇంతా చెప్పి, అందరికీ ఆ వీలుందా అంటే లేదు. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వారానికి 48 గంటలు, వారంలో ఒక సెలవు, ఐదు గంటల పని తర్వాత అరగంట విరామం అని రాసింది. చేనుకి ఆ చట్టం రాలేదు. డెలివరీ చేసేవాళ్లకి లాగిన్ అవ్వని రోజు డబ్బు లేని రోజు. క్రాసింగ్ నుంచి ఇంటికొచ్చిన మల్దకల్ ఆడపిల్లకి నీళ్లు, పొయ్యి, అంట్లు ఎదురుచూస్తుంటాయి. ఆ తర్వాతే పుస్తకం. ఆ పిల్లకి "బ్రేక్ తీసుకో" అని సలహా ఇవ్వడానికి కాస్త సిగ్గుపడాలి.

ఆమాటకొస్తే మన ఆదివారం కూడా ఊరికే రాలేదు. బొంబాయి మిల్లుల్లో వారం సెలవు కావాలని నారాయణ మేఘాజీ లోఖండే 1884లో కార్మికుల్ని కూడగట్టారు. అది దక్కింది 1890 జూన్ 10న. ఆరేళ్లు పట్టింది.

సీడ్ పత్తిలో మాత్రం పువ్వుతో ఎవరూ బేరమాడలేరు. మనుషుల మధ్య వంతులు వేసుకోవచ్చు. ఇంట్లో నలుగురు చేనుకి పోతుంటే రోజుకొకరు ఆగినా, నాలుగు రోజులకోసారి ఒక్కొక్కరికి సెలవొస్తుంది. పక్క చేనువాళ్లతో చేతి సాయం ఇచ్చిపుచ్చుకునే అలవాటున్న ఊళ్లలో ఇది మరీ కష్టమేం కాదు. మొదటి వంతు ఎవరికివ్వాలంటారా? మార్చిలో పదో తరగతి పరీక్ష ఉన్న పిల్లకి.