వాన మిగిల్చిన నాలుగు నెలలు

లడఖ్‌లోని లేహ్ ప్రాంతంలో ఆరుబయట కూరగాయలు పండించడానికి ప్రకృతి ఇచ్చే గడువు ఏడాదికి నాలుగైదు నెలలే. తక్కిన కాలమంతా చలిదే రాజ్యం. మంచు అన్నది ఎరుగని అండమాన్ దీవులలో కూడా కూరగాయల రైతుకు దక్కే గడువు దాదాపు అంతే! అక్కడ చలి అడ్డు. ఇక్కడ వాన అడ్డు.

నైరుతి ఋతుపవనాలు మన తెలుగునేలను తాకడానికి ముందే, మే నెలలోనే అండమాన్‌ను చేరుకుంటాయి. అది మొదలు డిసెంబరు వరకు వానలే. ఏటా కురిసే వర్షం సుమారు 3,000 మిల్లీమీటర్లు. మళ్ళలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి, పూత రాలిపోతుంది. నేలలోని బాక్టీరియా సోకి వంగ, టమాటా మొక్కలు ఆకులు పచ్చగా ఉండగానే వాడి, నిలువునా చనిపోతాయి. వరికోతలు ముగిసిన పిమ్మట, జనవరి నుండి ఏప్రిల్ వరకు, ఆ పొలాలలోనే కూరగాయలు వేస్తారు. అయితే ఎండలు ముదిరేకొద్దీ నీటికి కటకట మొదలవుతుంది. ఒక కొసన బురద, మరొక కొసన దాహం!

ఈ దీవులలో ఐదింట నాలుగు వంతులు అడవి. సాగునేల స్వల్పం. ఉల్లి, బంగాళాదుంప వంటివి చెన్నై, కలకత్తా, విశాఖపట్నం రేవుల నుండి సుమారు 1,200 కిలోమీటర్లు సముద్రం దాటి రావలసిందే. ఓడ ఆలస్యమైతే ఆ లోటు ప్రతి వంటింటికీ తెలిసిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు గనుక, అందులో మన వారి వంటిళ్ళూ ఉన్నాయి.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ కష్టానికి ఉప్పును కూడా జోడించింది. దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, పల్లపు పొలాలలోకి సముద్రపు నీరు చేరింది. అటువంటి నేలలకు, 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుండి శ్రీవిజయపురం) ఏర్పడిన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ఒక మార్గం చూపింది. పొలంలో వెడల్పాటి కందకాలు త్రవ్వి, ఆ మట్టితో ప్రక్కనే ఎత్తైన మళ్ళు కట్టడమే ఆ పద్ధతి. ఏ వాన శత్రువో ఆ వానే ఎత్తు మళ్ళలోని ఉప్పును కడిగివేస్తుంది. మిట్టపైన కూరగాయలు, కందకంలో చేపలు; కందకంలో నిలిచిన నీరు వేసవికి ఆదరువు.

రెండవ ఉపాయం పందిరి. లేహ్‌లో పాలిథిన్ కప్పు ఎండవేడిమిని లోపల పట్టి ఉంచి మొక్కను కాపాడుతుంది. అండమాన్‌లో అదే కప్పు ప్రక్కలు తెరచి ఉంచి, వానదెబ్బ తగలకుండా గొడుగు పడుతుంది. దాని నీడన వానకాలంలోనూ టమాటా, మిరప, కొత్తిమీర పండించవచ్చును.

మూడవది, నేలకు తగిన మొక్కను ఎన్నుకోవడం. బచ్చలి, తోటకూర ఈ తేమను ఓర్చుకుంటాయి. కొత్తిమీర వాసన గల, పొడవాటి రంపపుటంచు ఆకుల ‘బర్మా ధనియా’ కొబ్బరి, పోక తోటల నీడలోనూ పెరుగుతుంది. వాడు తెగులును తట్టుకొనే వంగ రకాలను కూడా శాస్త్రజ్ఞులు రూపొందించారు.

2018లో షహీద్ ద్వీప్‌గా పేరు మారిన చిన్న నీల్ దీవికి ‘అండమాన్ కూరగాయల బుట్ట’ అని పేరు. అక్కడి పంట పడవలెక్కి రాజధాని బజారుకు చేరుతుంది. ఋతువును మార్చడం రైతు చేతిలో లేదు. నేలను మూరెడు పైకెత్తడం, తలపై ఒక కప్పు వేయడం అతని చేతిలోనే ఉన్నాయి. నాలుగు నెలల గడువును పొడిగించుకొనే దారి అదే.