నేల ఉసిరి – నోబెల్ వైద్యుడు: పసుపు పోతే వ్యాధి పోయినట్లేనా?

కామెర్లు అనగానే మన ఇళ్ళలో పెద్దలు మొదట తలచుకొనేది నేల ఉసిరిని. తొలకరి పడగానే పెరటి గోడ వెంట, పొలం గట్ల మీద జానెడు ఎత్తున మొలిచే మొక్క ఇది. రెమ్మ అడుగున వరుసగా మిరియపు గింజకంటే చిన్న కాయలు ఉంటాయి. సంస్కృతంలో దీనికి భూమ్యామలకి అని పేరు. నేను గురుకులంలో ఉన్న రోజుల్లో మా గురువుగారు ఈ మొక్కను సమూలంగా పెరికించి, కడిగించి, మెత్తగా నూరించి, మజ్జిగతో రోగికి ఇప్పించేవారు. మూడు నాలుగు వారాల్లో రోగి కళ్ళు తెల్లబడేవి. ఎన్నో ఉదయాలు ఆ ముద్ద నూరినవాణ్ణి కనుక దానిపై నాకు గట్టి విశ్వాసం ఏర్పడింది.

ఆ విశ్వాసాన్ని నేను సరిదిద్దుకోవలసి వచ్చింది. అందులో ఒక అమెరికా వైద్యుని పరిశోధన జీవితానికి భాగముంది, నా పొరపాటుకూ భాగముంది. రెండింటినీ పాఠకుల ముందుంచుతున్నాను.

రక్తంలో దొరికిన ఆనవాలు

ఆ వైద్యుని పేరు బరూచ్ బ్లంబర్గ్. 1925లో న్యూయార్క్‌లో జన్మించారు. వైద్య విద్యార్థిగా దక్షిణ అమెరికాలోని సురినాం దేశంలో పనిచేసినప్పుడు, ఒకే చోట నివసించే వేర్వేరు జాతులవారిలో కొందరికి బోదకాలు క్రిములు ఎక్కువగానూ, కొందరికి తక్కువగానూ సోకడం గమనించారు. ఒకే క్రిమి అందరినీ ఒకే విధంగా ఎందుకు బాధించదన్న ప్రశ్న ఆయనను జీవితమంతా వెన్నాడింది. దేహప్రకృతిని బట్టి రోగం మారుతుందని చదువుకున్న మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

సమాధానం కోసం ఆయన ప్రపంచంలోని అనేక జాతుల ప్రజల రక్తం సేకరించారు. 1960వ దశకంలో, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న ఒక రోగి రక్తరసం ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలోని ఏదో పదార్థంతో ప్రతిచర్య చూపింది. దానికి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. మొదట అదేమిటో వారికే తెలియలేదు. 1967లో ఆయన ప్రయోగశాలలోని సహాయకురాలికి కాలేయపు వాపు వచ్చింది. అంతకుముందు ఆమె రక్తంలో లేని ఆ పదార్థం అప్పుడు కనిపించింది. అది హెపటైటిస్ బి వైరస్ పై పొర అని క్రమంగా రూఢి అయింది. నేడు మనం చేయించుకొనే హెచ్.బి.ఎస్.ఏజి పరీక్ష వెతికేది దానినే. 1969లో బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ కలిసి టీకా తయారుచేసే మార్గం కనుగొన్నారు. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ బహుమతి లభించింది.

మన మొక్క వారి ప్రయోగశాలలో

అంతటి శాస్త్రజ్ఞుడు మన పెరటి మొక్కను చిన్నచూపు చూడలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.పి. త్యాగరాజన్ బృందం నేల ఉసిరిపై చేసిన పనిని ఆయన స్వీకరించి, ఫిలడెల్ఫియాలోని తన సంస్థలో పరీక్షించారు. 1988లో ‘లాన్సెట్’ పత్రికలో వారి ఉమ్మడి ఫలితం వెలువడింది. దీర్ఘకాలంగా హెపటైటిస్ బి వైరస్‌ను మోస్తున్న వారికి 200 మిల్లీగ్రాముల నేల ఉసిరి చూర్ణం రోజుకు 3 సార్లు చొప్పున 30 రోజులు ఇచ్చారు. తిరిగి పరీక్షించినప్పుడు మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి ఆ యాంటిజెన్ కనిపించలేదు. మందు లేని ఉత్తుత్తి గుళికలు వాడిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

ఆ వార్త విన్ననాడు మా గురువుగారిని తలచుకొని కళ్ళు చెమర్చాయి. అయితే శాస్త్రంలో ఒక్క పరీక్షతో తీర్పు ఉండదు. ఇతర దేశాల వైద్యులు అదే మొక్కతో మళ్ళీ పరీక్షలు చేశారు. అంతటి ఫలితం రాలేదు. అనేక పరీక్షలను కలిపి పరిశీలించిన 2011 నాటి కోక్రేన్ సమీక్ష, ఉత్తుత్తి గుళికలకంటే ఇది మేలని నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. మనకు ఇష్టమైన ఫలితాన్ని పట్టుకొని, ఇష్టం లేనిదాన్ని విడిచిపెట్టడం వైద్యధర్మం కాదు.

నా పొరపాటు

1989లో ఒక యువ ఉపాధ్యాయుడు కామెర్లతో నా వద్దకు వచ్చాడు. నేల ఉసిరి ఇచ్చాను, పథ్యం చెప్పాను. నెల తిరగకముందే కళ్ళు తెల్లబడ్డాయి, ఆకలి పుట్టింది. “జబ్బు పోయింది నాయనా, ఇక నిశ్చింతగా ఉండు” అన్నాను. రక్తపరీక్ష మాట తలపెట్టలేదు. పన్నెండేళ్ళ తరువాత ఆయన పొట్టనిండా నీటితో, ఇద్దరు మనుషులు పట్టుకోగా మా వసారా మెట్లెక్కాడు. అప్పుడు చేయించిన పరీక్షలో హెపటైటిస్ బి బయటపడింది. కాలేయం గట్టిపడిపోయింది. పెద్ద కుమారునికీ ఆ వైరస్ ఉన్నట్లు తేలింది. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు. “అప్పుడే తెలిసుంటే పిల్లలకైనా టీకా వేయించేవాళ్ళం కదండీ” అని మాత్రం అన్నది. ఆ మాట నేటికీ నా చెవుల్లో ఉంది.

జరిగిందేమిటో తరువాత అర్థమైంది. కలుషిత జలం వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో తమంతట తామే శమిస్తాయి. ఆ కీర్తి మనం ఇచ్చిన మందుకు దక్కుతుంది. హెపటైటిస్ బి తీరు వేరు. పెద్దవారికి సోకితే ఎక్కువమందిలో తొలగిపోతుంది. ప్రసవ సమయంలో తల్లి నుండి శిశువుకు సోకితే మాత్రం దాదాపు 90 శాతం మందిలో జీవితాంతం నిలుస్తుంది. నడుమ ఒకసారి కామెర్లుగా పైకి వచ్చి, మళ్ళీ అణగిపోవచ్చు. కళ్ళ పసుపు పోయినా రక్తంలో వైరస్ ఉంటుంది.

మన శాస్త్రం కూడా కామెర్లన్నీ ఒకటే అనలేదు. మలం నువ్వుల పిండిలా తెల్లబడే కామిలను, మార్గం మూసుకుపోవడం వల్ల వచ్చేదిగా చరకసంహిత వేరుచేసి చెప్పింది. పిత్తనాళంలో రాయి గాని, క్లోమం తలభాగాన గడ్డ గాని అడ్డుపడినప్పుడు నేడు మనం చూసే లక్షణం అదే. అక్కడ పసరుతో కాలయాపన చేస్తే ప్రాణానికే ముప్పు.

గృహస్థులు పాటించవలసినవి

1. కామెర్లు కనిపిస్తే బిలిరుబిన్‌తో పాటు హెచ్.బి.ఎస్.ఏజి, హెపటైటిస్ సి పరీక్షలు తప్పక చేయించాలి.

2. మలం తెల్లబడడం, ఒళ్ళంతా దురద, బరువు తగ్గడం, మగత, రక్తపు వాంతి – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

3. చేతికి వాతలు పెట్టించడం, కంటిలో, ముక్కులో పసరు పోయించడం కూడదు.

4. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉంటే అందరూ పరీక్ష చేయించుకోవాలి, లేనివారు టీకా వేయించుకోవాలి. బ్లేడు, పళ్ళ బ్రష్షు, సూది ఒకరివి ఒకరు వాడరాదు. కలిసి భోజనం చేస్తే ఇది అంటదు. రోగికి వేరే కంచం పెట్టి మనసు నొప్పించవద్దు.

5. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపు హెపటైటిస్ బి టీకా పడాలి. ఆపైన 6, 10, 14 వారాలకు మిగిలినవి.

6. వైరస్ నిలిచి ఉన్నవారికి నేడు టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మందులున్నాయి. ఎవరికి అవసరమో కాలేయ వైద్యులు నిర్ణయిస్తారు. నేల ఉసిరి వాడదలచినవారు ఆ వైద్యునికి చెప్పి వాడాలి. దానికోసం ఆ మందులు మానరాదు.

టీకా శక్తికి తైవాన్ నిదర్శనం. 1984లో అక్కడ శిశువులకు టీకా ఆరంభించిన పదేళ్ళకే పిల్లలలో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇదే టీకాను మన దేశంలోనే తయారుచేసి, సామాన్యులకు అందుబాటు ధరలోకి తెచ్చింది. బ్లంబర్గ్ 2011లో కన్నుమూశారు.

మా పెరట్లో నేటికీ నేల ఉసిరి పెరుగుతోంది. శిష్యులకు దానిని చూపుతాను, నూరడం నేర్పుతాను. రోగి వచ్చినప్పుడు మాత్రం మొదట పరీక్ష చీటీ రాస్తాను.